దొర మూల

మిద్దెల మీద గచ్చు దంచే పని ఇప్పుడు ఎక్కడా లేదు. అయినా ఇండ్ల పనికి వచ్చే ఆడపిల్లలు, తట్టలు మోసేవాళ్ళు, ఈమధ్య కాలేజీలో ఇండ్లు కట్టే చదువు చదువుతున్న ఒకరిద్దరు కూడా నన్ను అడుగుతుంటారు. మీ కాలంలో పాటలు పాడుకుంటూ పని చేసేవాళ్ళట కదా అవ్వా, ఎంత హాయిగా ఉండేదో అని. హాయిగా ఉండేది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగిలినది చెప్పడం తేలిక.

మేం సంతోషం పట్టలేక పాడలేదు. పాట మా పనిముట్టు. చేతిలో చెక్క ఎలాగో నోట్లో పాట అలాగ. చెక్క విరిగితే ఇంకొకటి దొరికేది. పాట ఆగిపోతే మిద్దె ఏమవుతుందో ఎల్లారెడ్డిలో ఒకసారి చూశాను. ఆ మిద్దె గురించి రాయాలనే కూర్చున్నాను. దానికి ముందు కొట్టిన రెండు మిద్దెల సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు కాబట్టి అవి కూడా రాస్తున్నాను.

పని ఎట్లా ఉండేదంటే

దూలాల మీద చెక్కలు, చెక్కల మీద పలక ఇటుకలు పరుస్తారు. వాటిపైన గానుగలో తిప్పిన సున్నం, ఇసుక, ఇటుక ముక్కలు కలిపి మందంగా పోస్తారు. దాన్ని ఆడవాళ్ళం వరుసగా గొంతుక్కూర్చుని చెక్కలతో కొట్టాలి. కొడుతూ కొడుతూ వెనక్కి జరగాలి. మధ్యమధ్య కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతుంటారు. సున్నం మెత్తగా ఉన్న మొదటి రోజు పాట నిదానంగా నడుస్తుంది. గట్టిపడుతున్న కొద్దీ దెబ్బ తేలికవుతుంది, పాట వడిగా సాగుతుంది. ఒకసారి తడిపిన సున్నం మన కోసం ఆగదు. ఇంట్లో పురుడొచ్చినా, చావొచ్చినా మిద్దె దిగేది లేదు. మొదట్లో చెక్క పడితే బురదలో కాలు పడ్డ చప్పుడు వస్తుంది. చివరికి రాయి మీద పడ్డట్టు మోగి చెక్క తానే చేతిలోకి లేస్తుంది. అప్పుడు పని అయినట్టు.

వరుసలో ఉన్న అందరి చేతులూ ఒక్కసారే పడాలి. ఒకరిది ముందు, ఒకరిది వెనక పడితే పైపొర గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉండిపోతుంది. చూస్తే రెండు మిద్దెలూ ఒకలాగే ఉంటాయి. వానలు వచ్చేదాకా తేడా తెలియదు.

పాట ఎత్తే మనిషి వరుస నడుమ కూర్చుంటుంది. ఆమె ఒక మాట అంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ పాటతోనే చేతులు కలుస్తాయి, ఎటు జరగాలో కూడా దానితోనే తెలుస్తుంది. తలవంచుకుని కొట్టేవాళ్ళకు దిక్కులు తెలియవు. అందుకని మా గుంపులో మిద్దె మూలలకు పేర్లుండేవి. వాననీళ్ళు పోయేది తూము మూల. కింద వంటిల్లు ఉండేది పొయ్యి మూల. బాట వైపుది తొవ్వ మూల. ఇంటి యజమాని పడుకునే గది మీదిది దొర మూల. ఇల్లు కాపుదైనా కోమటిదైనా ఆ మూల పేరు అదే. ఆ గదిలో ఒక్క చుక్క కారినా యజమాని ఊరుకోడు కాబట్టి అక్కడ దెబ్బ గట్టిగా పడాలి. పాట ఇట్లా ఉండేది:

ఎత్తి కొట్టవె అక్క, ఎత్తి కొట్టు
దొర మూల జూసుకోని ఎత్తి కొట్టు
తూము మూల కాడికొచ్చి మెల్ల కొట్టు
తొవ్వ మూల ఎండకముందె తడిపి కొట్టు

దీన్ని ఎవరు కట్టారో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

కామారెడ్డిలో సేటు గోదాము

పదకొండు పన్నెండేళ్ళ వయసులో మా అమ్మ నన్ను నీళ్ళు చల్లడానికి పనిలోకి తెచ్చింది. అప్పుడు పాట ఎత్తేది బాలవ్వ అనే పెద్దావిడ. మేస్త్రి పేరు నర్సింలు. సన్నటి మనిషి, మాట తక్కువ. మిద్దె మీద చెప్పులు లేకుండా నడిచి, ఎక్కడ మెత్తగా ఉందో అరికాలితో చెప్పేవాడు.

కామారెడ్డి స్టేషన్ దగ్గర ఒక ధాన్యం సేటు గోదాములు కట్టించాడు. మాకు మొదటిది ఇచ్చారు. రెండో రోజు సేటు నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టి చూశాడు.

"ఏందే, పెండ్లికి పాడుతున్నరా, సావుకు పాడుతున్నరా? జర జల్ది పాడుండ్రి. మాల్ దిగేదుంది."

బాలవ్వ చెక్క ఆపలేదు. ఆ మాటనే పాట వరసలోకి తిప్పేసింది. "సేటు జల్ది అంటుండె అక్క, సున్నం ఆగు అంటుందె." వరుసంతా నవ్వుతూ అందుకుంది. సేటు మొహం ఎర్రబడింది. నర్సింలు నిచ్చెన దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పాడు.

"సేటూ, పాట మా చేతుల లేదు. సున్నం ఎట్లంటె అట్ల నడుస్తది. నీకు తొందరుంటె ఇంకో గుంపును పిలుసుకో. నేను ఏమనుకోను."

సేటు రెండో గోదాము నిజంగానే ఇంకో గుంపుకిచ్చాడు. వాళ్ళు పాటను పరుగెత్తించి మా కంటే ముందే దిగిపోయారు. ఆ ఏడు వానలకు రెండో గోదాములో వడ్లు బస్తాల్లోనే మొలకలెత్తాయి. సేటు మళ్ళీ నర్సింలును పిలిపించాడు. నర్సింలు ఆ సంగతి ఎత్తలేదు. వెళ్ళి పాత గచ్చు తవ్వి తీసి, కొత్తగా పోయించాడు.

బాలవ్వ నాకు పాట నేర్పినప్పుడు చెప్పింది ఒక్కటే. "నీ నోరు నువ్వు ఇనకు బిడ్డా. చెక్క ఇను." నా గొంతు బాగుంటుందని ఎవరైనా అంటే నాకు ఆ మాట గుర్తొచ్చి భయమేసేది. గొంతు బాగున్న మనిషికి తన గొంతే వినబడుతుంది. ఇప్పుడు రేడియోలో జానపదమని వేసే పాటలు వింటుంటాను. గొంతులు చాలా బాగున్నాయి. వాటి కింద ఏ పనీ వినబడదు.

గడీ మిద్దె

ఎల్లారెడ్డికి కోసెడు దూరంలో ఒక దొర గడీ, కోటలాంటి ఇల్లు, ఉండేది. దాని మీద కొత్త మిద్దె వేసేనాటికి బాలవ్వకు గొంతు పోయింది. పాట నేనే ఎత్తాను. దొర వాకిట్లో కుర్చీ వేయించుకుని హుక్కా తాగుతూ వినేవాడు. గడీ గుమాస్తా మాకు బెల్లం, కరక్కాయలు తెచ్చి ఇస్తూ, పాటకు తల ఊపుతూ నిలబడేవాడు. 'దొర మూల' అన్నప్పుడల్లా దొర నవ్వేవాడు.

"గట్టిగ కొట్టుండ్రే. నా మూల నాకు కారొద్దు."

మా వరుసలో చివర కూర్చునేది పోశవ్వ. మా అందరికంటే బలమైన చేయి. ఆమె మొగుడు ఒకసారి వెట్టికి రానన్నందుకు ఇదే గడీలో స్తంభానికి కట్టించి కొట్టించారు. ఆ తర్వాత ఆయన వంగిన నడుం మళ్ళీ తిన్నగా కాలేదు. దొర మూల దగ్గరికి వచ్చేసరికి పోశవ్వ చెక్కను తల మీదికి ఎత్తేది.

"పోశక్కా, గంత ఎత్తు ఎందుకే? నడుము పోతది," అన్నాను.

"నువ్వు పాడు. నేను కొడుత."

"గచ్చు పగులుతదే."

"పగులది. నేను గచ్చును కొడ్తలేను."

పక్కనున్నవాళ్ళు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వారు. కింద దొరకు ఆ దెబ్బ వినబడింది. ఆ చివరి మనిషి ఎవరో మంచిగా కొడుతున్నదని చెప్పి రవికె గుడ్డ ఇప్పించాడు. పోశవ్వ రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ గుడ్డతో రోజూ చెక్కకు అంటిన సున్నం తుడిచేది.

ఆ మిద్దె చాలా బాగా కుదిరింది. నర్సింలు మేస్త్రి దాని మీద చివరిసారి నడిచి, ఏమీ అనకుండా దిగాడు. ఆయన ఏమీ అనకపోవడమే మాకు మెచ్చుకోలు.

చదువుకునే ఇల్లు

పందొమ్మిది వందల నలభైలు మొదలైన కాలంలో ఎల్లారెడ్డిలో పఠనాలయం కట్టాలని కొందరు చందాలు వేసుకున్నారు. తెలుగు పత్రికలు, పుస్తకాలు పెట్టే ఇల్లు. ముందుండి తిరిగింది విఠల్‌రావు అనే బడి పంతులు. అప్పటికి పెళ్ళి కాలేదు. సైకిల్ మీద ఊరూరూ తిరిగి పుస్తకాలు అడుక్కొచ్చేవాడు. సర్కారు పర్మిషన్ లేకుండా నలుగురు కూర్చుంటే తప్పు పట్టే రోజులవి. ఆయన ఎన్నో నెలలు తిరిగి పర్మిషన్ కాగితం తెచ్చుకున్నాడు. మిద్దె పని నర్సింలుకే ఇచ్చాడు. గడీ మిద్దె చూసి వచ్చి ఇచ్చానని చెప్పాడు.

మధ్యాహ్నం మేం సద్దులు విప్పుకుంటే ఆయన ఇటుకల కుప్ప మీద కూర్చుని పత్రిక గట్టిగా చదివేవాడు. ఎక్కడో యుద్ధం, ఎక్కడో కరువు. నాకు ఆ సంగతుల కంటే ఆయన చదివే తీరు వింతగా ఉండేది. మా పాటలో ఊపిరి ఎక్కడ తీయాలో చెక్క చెబుతుంది. ఆయనకు ఎవరు చెబుతున్నారా అని చూసేదాన్ని. ఒకరోజు అడిగితే కాగితం నాకు చూపించి, చుక్కల దగ్గర ఆగుతాను అన్నాడు. అంత చిన్న చుక్క మనిషిని ఆపుతుందంటే నాకు నవ్వొచ్చింది.

"నేర్సుకుంటవా సాయవ్వా?" అన్నాడు.

"ఈ వయసుల ఏం నేర్సుకుంట సారూ."

"నీ పాటల మాటే రాసి సూపిస్త." ఇంకా వెల్ల వేయని గోడ మీద సున్నంతో రెండు అక్షరాలు రాశాడు. "ఇది మూ. ఇది ల. మూల. మిద్దె అయినంక కడమ అచ్చరాలు నేర్పిస్త."

మూల అనే మాట అంత చిన్నగా ఉంటుందని నేను అనుకోలేదు.

ఆ రోజుల్లోనే కొత్త మాటలు వినబడటం మొదలైంది. జనం హక్కులు అడగడానికి సంఘం పెట్టిన పెద్దమనుషులు తమలో తాము మితవాదులని, అతివాదులని విడిపోయారు. గడీల వాళ్ళకు మాత్రం అందరూ ఒకటే, సంగపోళ్ళు. పోశవ్వ ఒకరోజు సద్ది తింటూ సూటిగా అడిగేసింది.

"సారూ, మీరు ఏ వాదులు?"

విఠల్‌రావు నవ్వాడు. "పర్మిషన్ అడిగి తెచ్చినందుకు వాళ్ళు నన్ను మితవాది అంటున్నరు. మీ అసుంటోళ్ళను గూడ లోపల కూసోబెడత అన్నందుకు వీళ్ళు అతివాది అంటున్నరు. నేనైతె ఈ మిద్దె కోసం తిరుగుతున్న పోశవ్వా."

"గట్లయితె మీరు మిద్దెవాదులు," అంది పోశవ్వ. ఆయన చాలాసేపు నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా మళ్ళీ చూడలేదు.

పాటకు పర్మిషన్

గచ్చు మొదలుపెట్టిన రెండో రోజు పొద్దెక్కాక పోలీసు అమీను వచ్చాడు. వెంట ఇద్దరు జవాన్లు, గడీ గుమాస్తా. మేం దొర మూల పాట మీదున్నాం. కింద నిలబడి కొంచెంసేపు విన్నారు. తర్వాత కేక వేసి మమ్మల్ని ఆపించారు.

విఠల్‌రావు కాగితం తెచ్చి చూపించాడు. అమీను చదివాడు. ఉర్దూలో ఉంది, ముద్ర ఉంది, తప్పు పట్టడానికేమీ లేదు.

"ఇమారత్‌కు, ఈ ఇంటికి పర్మిషన్ ఉంది. గానాకు ఉందా?"

"గచ్చు పాట సాబ్. అంతట పాడుతరు," అన్నాడు విఠల్‌రావు.

"ఏమని పాడుతున్నరు?" అమీను గుమాస్తా వైపు తిరిగాడు.

"దొర కో మారో అంటున్నరు సాబ్. ఎత్తి కొట్టుమంటున్నరు."

నర్సింలు మేస్త్రి నిచ్చెన దిగి వచ్చాడు. "గుమాస్తా సాబ్, మూల అంటె ఇంటి మూల. నీకు ఎరికె గద. గడీ మీద గిదే పాట పాడినం. నువ్వే బెల్లం దెచ్చి ఇచ్చినవు."

"గడీ మీద పాడితె దొర ఇన్నడు. ఈడ ఎవలు ఇంటున్నరో నాకేమెరుక?"

అమీను చెడ్డవాడని నేను అనను. మూలను తన భాషలో పెట్టి ఆయన అడిగాడు. "మూల అంటే? కోనా?"

గుమాస్తా తడుముకోలేదు. "మూలం సాబ్. జడ్. జడ్ సే మారో, వేరుతోటి కొట్టు అన్నట్టు."

అమీనుకు తెలుగు అంతగా రాదు. గుమాస్తాకు వచ్చు. ఆ మూల ఏదో, దాని మీద దెబ్బ ఎందుకు గట్టిగా పడాలో ఆయనకు మాకు తెలిసినంత తెలుసు. ఉన్న అర్థాన్ని పక్కన పెట్టి ఇంకో అర్థం ఎత్తి ఇచ్చాడు. అక్షరాలు వచ్చినవాళ్ళతో నాకు మొదటి భయం ఆరోజు పట్టుకుంది.

"కామ్ కరో. గానా బంద్," అని చెప్పి అమీను జవాన్లను మిద్దె మీదికి ఎక్కించి వెళ్ళిపోయాడు.

నోరు మూసుకుని

నర్సింలు మళ్ళీ మిద్దె మీదికి ఎక్కి వచ్చాడు. తర్వాత నిచ్చెన మీద కర్రతో దెబ్బ వేస్తాను, దాన్ని పట్టుకుని కొట్టండి అన్నాడు. నాలుగు దెబ్బలు కలిశాయి. ఒక జవాను దగ్గరికి వచ్చి ఆ కర్ర లాక్కున్నాడు.

"ఇది గూడ పాటే," అన్నాడు.

ఆ మాట నిజమే. మా పని గురించి ఆరోజు నిజం మాట్లాడింది ఆ జవాను ఒక్కడే.

నేను మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. "నర్సన్నా, తీసి పారేద్దాం. ఎట్లన్న పాడైపోతది. వాన్లు పోయినంక మళ్ళ పోద్దాం."

"చందాల సున్నం బిడ్డా ఇది. ఇంటింటికి తిరిగి తెచ్చిండు ఆ పిల్లగాడు. పారేస్తె మళ్ళ ఎవలిస్తరు?"

"కారితె?"

ఆయన వరుస దగ్గరికి తిరిగి పోయి అందరినీ కొట్టమన్నాడు. సేటు ముందు పాట మా చేతుల్లో లేదని చెప్పిన మనిషి ఆయన. అమీను ముందు ఆ మాట అనలేకపోయాడు. పని నేర్చుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. నర్సింలు లాంటి మేస్త్రిని నేను మళ్ళీ చూడలేదు. అయినా ఆరోజు ఆయన చేసింది తప్పు. జాలిపడి చేసిన తప్పు. సున్నానికి జాలి తెలియదు.

నోరు మూసుకుని కొట్టాం. కొంతసేపు నేను పెదవులు కదిపాను. పక్కవాళ్ళు నా పెదవులు చూసి చేయి కలపబోయారు. జవాను చూశాడని ఆపేశాను. ఆ తర్వాత ఎవరి చేయి వారిదే అయింది. వడగళ్ళు పడుతున్నట్టు చప్పుడు. ఎటు జరగాలో తెలియక ఒకరి మోకాలికి ఒకరి చెక్క తగిలింది.

జరుగుతూ జరుగుతూ దొర మూల దగ్గరికి వచ్చాం. ఆ ఇంట్లో దొర లేడు. ఆ మూల కింద విఠల్‌రావు పుస్తకాల బీరువా పెట్టాలనుకున్న గది ఉంది. పేరు మాత్రం దొర మూలే. జవాన్లిద్దరూ వచ్చి సరిగ్గా అక్కడే నిలబడి మా చేతుల వైపు చూశారు. గట్టిగా కొడితే ఎవరిని కొట్టినట్టు అవుతుందో అందరికీ తట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరి చేతులూ ఒక్కసారే మెత్తబడ్డాయి. పాట లేకుండా ఆ మిద్దె మీద మా చేతులు కలిసింది అక్కడొక్కచోటే.

పోశవ్వను చూశాను. చెక్కను జానెడు ఎత్తి దించుతోంది, పసిపిల్లను జోకొట్టినట్టు. ఆమె కళ్ళు జవాను బూట్ల మీద ఉన్నాయి.

"పోశక్కా," అన్నాను మెల్లగా.

"నా మొగడు వంగినంక నేను గూడ వంగాల్నా సాయవ్వా?" అంది.

మూడో రోజుకు చూడటానికి మిద్దె నున్నగా ఉంది. నర్సింలు దాని మీద నడిచి, దొర మూల దగ్గర ఆగి, కాలితో రెండుసార్లు నొక్కి చూసి, "మంచిగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఎవరి మేస్త్రి

మృగశిర వానలకే కారింది. తూము మూల కారలేదు. తొవ్వ మూల చెమ్మగిల్లింది గాని కారలేదు. దొర మూల నుంచి ధార కట్టింది. కబురు విని నేనూ నర్సింలూ వెళ్ళేసరికి విఠల్‌రావు పుస్తకాలను అరుగు మీద, గోడ మీద, సైకిల్ మీద కూడా ఆరబెడుతున్నాడు. కాగితాలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆయన ఒక్కో కాగితం విడదీయబోతే చిరిగేది. నాకు చదువు రాదు కాబట్టి అక్కడ ఏం పోయిందో తెలియలేదు. ఆయన వేళ్ళు చూస్తే తెలిసింది.

"నేను తీసి మళ్ళ పోస్త సారూ. కూలి వద్దు. సున్నం ఇప్పియ్యుండ్రి సాలు," అన్నాడు నర్సింలు.

ఆ సున్నం కోసం చందాలిచ్చినవాళ్ళు మీటింగు పెట్టారు. మేం బయట నిలబడ్డాం. లోపల ఒక గుంపు, గడీకి మిద్దె వేసిన మేస్త్రి కావాలనే మన మిద్దె చెడగొట్టాడంది. ఇంకో గుంపు, ఎత్తి కొట్టండని పాటలు పాడించి పోలీసులను తెప్పించింది ఈ మేస్త్రేనంది. బాగు చేయిస్తే గోడ మీద ఎవరి పేరు రాయాలని కొంతసేపు వాదులాడారు. విఠల్‌రావు మధ్యలో లేచి బయటికి వచ్చేశాడు. లోపల మాటలు సాగుతూనే ఉన్నాయి. సున్నం ఎవరూ ఇప్పించలేదు. రెండో వానాకాలానికి తలుపుకు తాళం పడింది. విఠల్‌రావు పట్నం వెళ్ళాడన్నారు. జైలుకు వెళ్ళాడని ఇంకొకరన్నారు. నాకు రావలసిన అక్షరాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి.

నర్సింలుకు గడీలలో పని పోయింది. సంగం మేస్త్రి అన్నారు. సంఘం వాళ్ళు కట్టుకునే ఇండ్లకూ ఆయనను పిలవలేదు. వాళ్ళకు ఆయన గడీ మేస్త్రి. ఆయన అరికాళ్ళను ఎవరూ అడగలేదు. పేరు పెట్టడానికి ఆ మనిషి చేసిన పని చూడనక్కర లేదు, ఎవరి ఇంటి మీద చేశాడో తెలిస్తే చాలు. నా బతుకులో తర్వాత చాలా పేర్లు విన్నాను, చాలా జెండాలు చూశాను. వాటిలో మంచివాళ్ళూ ఉన్నారు. అయినా ఎవరైనా ఒక మనిషిని ఫలానావాడు అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు మెత్తటి గచ్చు మీద కాలేసినట్టే ఉంటుంది.

కొన్నాళ్ళకు పని కోసం కామారెడ్డి వెళ్ళాం. స్టేషన్‌లో సిమెంటు బస్తాలు దిగుతున్నాయి. అదే సేటు కొడుకు గోదాము కట్టిస్తున్నాడు. ఇప్పుడు కొట్టేది లేదు, పోస్తే అదే గట్టిపడుతుందన్నాడు. తట్టలు మోయడానికి ఆడవాళ్ళు కావాలన్నాడు. నర్సింలు ఒక బస్తాలో చేయి పెట్టి ఆ పొడిని కాస్త తీసి చూశాడు.

"దీనికి ఏం పాట పాడుతరు?" అన్నాడు.

సేటు కొడుకు నవ్వాడు. నేను మర్నాటి నుంచి తట్ట మోశాను. నర్సింలు బోధన్ వైపు చెరకు కొట్టే పనికి పోయి అక్కడే జ్వరంతో చనిపోయాడు. కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది.

అచ్చులో

దొరలు పోయాక, మేం మిద్దె వేసిన ఆ గడీ ఆడపిల్లల హాస్టలయింది. తట్ట మోయలేని వయసు వచ్చాక నేను అందులో ఆయాగా చేరాను. యాభై దాటాక, అక్కడి చిన్న పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. మూ, ల మాత్రం నాకు ముందే వచ్చు.

దొర పడుకున్న గదిలో ఇప్పుడు పుస్తకాల బీరువాలున్నాయి. నేను రోజూ వాటిని తుడుస్తాను. ఎంత వాన కురిసినా ఆ గదిలో చుక్క పడదు. మేం నోరారా పాడి కొట్టిన మిద్దె దొరది. నోరు మూసుకుని కొట్టింది చదువుకునే ఇంటిది. పిల్లలు పొడి పుస్తకాలు చదువుకుంటుంటే చూసి సంతోషించాలనే అనుకుంటాను. ఎల్లారెడ్డిలో తాళం పడి, కారి కారి కూలిన ఆ గోడలు గుర్తొస్తే సంతోషం నిలవదు.

ఒకరోజు బీరువాలో ఒక లావు పాటల పుస్తకం దొరికింది. వేలు పెట్టి చదువుతూ పోతే మా పాట వచ్చింది. ఎత్తి కొట్టవె అక్క. నాలుగు పాదాలూ ఉన్నాయి. ఎవరు పాడితే రాసుకున్నారో తెలియదు. కింద చిన్న అక్షరాల్లో వివరం ఉంది. దొరల పాలనను మూలంతో సహా కూల్చమని ఆడవాళ్ళు పాడిన పోరాట పాట అని. చాలా గౌరవంగా రాశారు. మొదట నాకు గర్వంగానే అనిపించింది. తర్వాత ఆ అర్థం ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. గుమాస్తా చెప్పిన అర్థమే. అప్పుడు నోరు మూయించిన మాట ఇప్పుడు మెచ్చుకోలయింది.

పక్కన చదువుకుంటున్న పిల్ల అడిగింది. "అవ్వా, గీ పాట నువ్వు పాడుతవు గద. నువ్వు సంగంల ఉంటివా?"

"నేను మిద్దె మీద ఉంటి," అన్నాను.

ఆ పిల్ల దగ్గర పెన్సిల్ తీసుకున్నాను. ఆ వివరం పక్కన ఖాళీ ఉంది. అప్పటిదాకా ఎవరో రాసింది చూసి దిద్దడమే తప్ప, నా అంతట నేను ఒక వాక్యం రాయలేదు. మూల అంటే ఇంటి మూల, అని రాశాను. రాశాక చూసుకుంటే మనసు ఒప్పుకోలేదు. తల మీదికి లేచిన ఆ చెక్క కళ్ళ ముందుకొచ్చింది. గచ్చును కొడ్తలేను అన్న మాట వినబడింది. నేనూ గుమాస్తా లాగే ఒక అర్థాన్ని పక్కకు తోసినట్టయింది. దాని కిందే ఇంకో వాక్యం రాశాను. పోశవ్వకు మాత్రం కాదు, అని.

సాయంత్రం వార్డెనమ్మ చూసింది. "ఆయమ్మా, పుస్తకాల మీద రాయొద్దని పిల్లలకు చెప్పేది నువ్వే కదా," అంది. ఆమె అన్నది సబబే. రబ్బరు తెచ్చి తానే చెరిపింది. మొదటి వాక్యం తేలిగ్గా పోయింది. రెండోది రాసేటప్పుడు పెన్సిల్ గట్టిగా నొక్కినట్టున్నాను. ఎంత రుద్దినా అది పూర్తిగా పోలేదు.